డాక్టరు గారిని అడగండి: పెయింటు గన్ను, చేపల తొట్టి, నల్ల గింజల పుండు

మోకాళ్ల నొప్పుల ఉత్తరాలన్నీ వచ్చే నెలకు వాయిదా వేశాను, ఏమీ అనుకోవద్దు. ఆ కట్టలోంచి నాలుగు ఉత్తరాలు విడిగా తీసి పెట్టుకున్నాను. నాలుగూ తరచుగా కనిపించని కేసులే. చెన్నైలో చేతి సర్జన్‌గా పనిచేసినన్నాళ్లూ ఇలాంటివి అడపాదడపా చూస్తూ వచ్చాను కాబట్టి తెలిసినంత వివరంగా రాస్తాను. మందుల పేర్లు చెబుతాను గానీ డోసులు రాయను. పోయినసారి డోసు అడగడానికి ఫోన్లు చేసిన వాళ్లకు కూడా ఇదే సమాధానం.

ప్రశ్న: మా మరిది ఇనుప షెడ్లకు ఎయిర్‌లెస్ గన్నుతో పెయింటు కొడతాడు. పోయిన నెల నాజిల్ అడ్డుకుంటే ఎడమ చేత్తో తుడుస్తుండగా చూపుడు వేలు చురుక్కుమంది. ఆవగింజంత చిల్లు పడింది, రక్తం కూడా పెద్దగా రాలేదు. దగ్గర్లో ఒక క్లినిక్‌లో టీటీ వేసి పంపారు. రాత్రికి చెయ్యంతా ఉబ్బింది. మర్నాడు పెద్దాసుపత్రిలో అరచేతి దాకా కోశారు. రెండు రోజులకు మళ్లీ కోశారు. చివరికి వేలి పై కణుపు తీసేశారు. అంత చిన్న చిల్లుకు ఇంత కోయాలా? బిల్లు కోసం చేశారని ఇంట్లో గొడవ. (ఒక సోదరి, అంబత్తూరు)

జవాబు: బిల్లు కోసం కాదమ్మా. చిల్లు చిన్నది కావడమే ఇందులో అసలు చిక్కు.

ఎయిర్‌లెస్ గన్నులోంచి పెయింటు 2,000, 3,000 పీఎస్‌ఐ ఒత్తిడితో వస్తుంది. చర్మాన్ని చీల్చడానికి 100 పీఎస్‌ఐ చాలు. లోపలికి పోయిన పెయింటు వేలి కొసలో ఆగదు. వేలిని వంచే టెండాన్ (కండను ఎముకకు కలిపే తాడు లాంటిది) చుట్టూ సన్నటి తొడుగు ఒకటి ఉంటుంది, ఆ దారి పట్టుకుని రెప్పపాటులో అరచేతి దాకా పోతుంది. మధ్య మూడు వేళ్ల తొడుగులు మామూలుగా అరచేతిలో ఆగిపోతాయి. అదే బొటన వేలూ చిటికెన వేలూ అయితే మణికట్టు దాకా దారి ఉంది. ముందు ఆ ఒత్తిడికి రక్తనాళాలు నొక్కుకుపోతాయి. తర్వాత థిన్నరు లోపలి కొవ్వునూ కండనూ చంపేస్తుంది. చచ్చిన చోట చీము పడుతుంది. మొదటి కొన్ని గంటలు వేలు తిమ్మిరెక్కినట్టు ఉంటుందే తప్ప నొప్పి అంతగా ఉండదు. అందుకే రోగీ తేలిగ్గా తీసుకుంటాడు, చూసిన వాళ్లూ టీటీ వేసి పంపేస్తారు.

గ్రీజు గన్ను అయితే కొంత నయం. పెయింటు, థిన్నరు, పెట్రోలు బాగా చెడ్డవి. ఇలాంటి 435 కేసులను కలిపి చూసిన సమీక్ష ఒకటి 2006లో వచ్చింది. అందులో నూటికి 30 మందికి వేలో, వేలిలో కొంతో పోయింది. థిన్నరు జాతి ద్రవాలు పోయిన వాళ్లలో ఆరు గంటల్లోపు ఆపరేషన్ జరిగిన వారికి వేలు దక్కే అవకాశం మెరుగ్గా ఉంది. అంటే వెంటనే వెళ్లినా గ్యారంటీ లేదు. పై కణుపు పోయి మిగతా వేలు పనిచేస్తోందంటే, ఆలస్యంగా వచ్చిన కేసులో అది మంచి ఫలితమే.

ఇక కోత సంగతి. వేలి ముందు వైపు వంకర టింకరగా కోస్తాం. తిన్నగా కోస్తే మానాక మచ్చ బిగిసి వేలు వంగిపోతుంది. పెయింటు ఎక్కడిదాకా పోయిందో అక్కడిదాకా తెరవాల్సిందే. లోపల రంగు కళ్లకు కనిపిస్తూనే ఉంటుంది, టెండాన్ మీదా సన్న నరాల మీదా పట్టేసి. దాన్ని సెలైన్‌తో కడుగుతూ, చచ్చిన భాగాన్ని కత్తెరతో కొంచెం కొంచెంగా తీస్తూ పోవాలి. ఒక్కసారికి మొత్తం రాదు. ఏది బతుకుతుందో ఏది చస్తుందో కూడా మొదటిరోజు తెలియదు. అందుకే కుట్లు వేయకుండా వదిలి, ఒకటి రెండు రోజుల్లో మళ్లీ మత్తిచ్చి చూస్తాం. రెండోసారి కోశారని మీరు రాసింది ఇదే.

మీ మరిది తోటి పనివాళ్లకు చెప్పండి. గన్ను వేలిలో దిగితే పిండకూడదు, గట్టిగా కట్టు కట్టకూడదు. ఉంగరం తీసేసి, చెయ్యి ఎత్తి పట్టుకుని, ఏమీ తినకుండా, పెయింటు డబ్బా వెంట తీసుకుని చేతి సర్జన్ ఉన్న ఆసుపత్రికి పోవాలి. మీ వైపు వాళ్లకు స్టాన్లీ ప్రభుత్వాసుపత్రి ఉంది, అక్కడ చేతి సర్జరీకి ప్రత్యేక విభాగమే ఉంది. క్యాజువాల్టీలో ‘ఏదో గుచ్చుకుంది’ అనకండి, ‘ప్రెషర్ గన్నుతో పెయింటు లోపలికి పోయింది’ అనండి. ఆ వేలికే మత్తు సూది వేయబోతే వద్దనండి. లోపల ఒత్తిడి చాలక ఇంకొంత కలిపినట్టవుతుంది.

ప్రశ్న: మాది సూళ్లూరుపేట. కొళత్తూరులో రంగు చేపల కొట్టు పెట్టుకున్నాను. కొన్ని నెలలుగా కుడి చేతి మీద గడ్డలు లేస్తున్నాయి. మొదట వేలి కణుపు మీద, తర్వాత ముంజేతి మీద వరసగా. నొప్పి తక్కువే గానీ నడిమి వేలు వాచి పూర్తిగా ముడవడం లేదు. ఒకచోట వేలికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేశారు, ఇంకా వాచింది. ముక్క పరీక్షలో (బయాప్సీ) ‘టీబీ లాగా ఉంది’ అని వచ్చింది. కానీ టీబీ కల్చర్‌లో ఏమీ పెరగలేదు, జీన్ ఎక్స్‌పర్ట్ అనే టీబీ పరీక్ష నెగెటివ్, ఛాతీ ఎక్స్‌రే బాగుంది. పిల్లలకు అంటుకుంటుందని మా ఆవిడ నా కంచం, గ్లాసు వేరు చేసింది. చాలా టెన్షన్‌గా ఉంది. (కొట్టు యజమాని, కొళత్తూరు)

జవాబు: ముందు ఆ కంచం, గ్లాసు మళ్లీ కలిపేయమని మీ ఇంటావిడకు నా మాటగా చెప్పండి. మీ చేతికి ఉన్నది నేను అనుకుంటున్నదే అయితే అది మనిషి నుంచి మనిషికి అంటదు.

ఉత్తరం చూసి రోగం ఖాయం చేయకూడదు. అయినా చేపల కొట్టు, కుడి చెయ్యి, వరసగా గడ్డలు, టీబీ లాంటి ముక్క, ఏమీ పెరగని కల్చర్, ఈ ఐదూ ఒకచోట కనబడితే నేను మొదట అనుమానించేది మైకోబాక్టీరియం మెరైనమ్ అనే క్రిమిని. టీబీ క్రిమికి ఇది దాయాది. 1926లో అమెరికాలోని ఫిలడెల్ఫియా అక్వేరియంలో చచ్చిన చేపల్లో దీన్ని మొదట గుర్తించారు. మనుషుల్లో 1951లో స్వీడన్‌లో బయటపడింది, అక్కడ ఈతకొలను నుంచి అంటింది. తొట్టి గులకరాళ్లు కడిగేటప్పుడు, ఫిల్టర్ స్పాంజి పిండేటప్పుడు, చేప రెక్క ముల్లు గీసుకున్నప్పుడు చిన్న గీత లోంచి చర్మంలోకి దిగుతుంది. గడ్డ పైకి తేలేది రెండు మూడు వారాలకు, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా. అప్పటికి ఆ గీత ఎవరికి గుర్తుంటుంది?

ఈ క్రిమికి వేడి పడదు. 30 డిగ్రీల దగ్గర బాగా పెరుగుతుంది, 37 దగ్గర సరిగా పెరగదు. ఒంటి లోపలి కంటే చేతులు చల్లగా ఉంటాయి కాబట్టి చేతుల్లోనే ఉండిపోతుంది, ఊపిరితిత్తుల జోలికి సాధారణంగా పోదు. టీబీ కల్చర్‌ను ల్యాబులో 37 డిగ్రీల దగ్గర పెడతారు. మరి మీకు ఏం పెరుగుతుంది! జీన్ ఎక్స్‌పర్ట్ వెతికేది అసలు టీబీ క్రిమి కుటుంబాన్నే, ఈ దాయాదిని కాదు. ముక్క చూసిన డాక్టరు తప్పు చెప్పలేదు, మైక్రోస్కోపు కింద రెండూ ఒకేలా ఉంటాయి. పైగా 1956 నుంచి టీబీ పరిశోధన కేంద్రం ఉన్న ఊరు మనది. ఇక్కడ ముక్క పరీక్షలో గ్రాన్యులోమా (టీబీలో కనిపించే తరహా కణాల గుంపు) అని కనబడితే అందరి నోటా మొదట వచ్చేది టీబీయే, పదిలో తొమ్మిదిసార్లు అదే నిజం కూడా. మీ కాగితాల్లో ‘చేపల వ్యాపారం’ అన్న రెండు మాటలు ఎక్కడైనా ఉన్నాయేమో చూడండి. లేవని నా అనుమానం.

ఇప్పుడు చేయాల్సింది ఏమిటంటే, వేలి వాపుకు ముందు ఎంఆర్‌ఐ. టెండాన్ తొడుగులోకి దిగిందా, కీలులోకి పోయిందా అన్నది దాంట్లో తెలుస్తుంది. తర్వాత మళ్లీ ముక్క తీయాలి, ఈసారి లోతు నుంచి. కొంత ఫార్మలిన్‌లో, కొంత ఉత్త సెలైన్‌లో పంపాలి. మొత్తం ఫార్మలిన్‌లో వేస్తే క్రిమి చచ్చిపోతుంది, కల్చర్‌కు పనికిరాదు. కాగితం మీద ‘చేపల తొట్టి పని, 30 డిగ్రీల దగ్గర కూడా కల్చర్ పెట్టండి, ఆరు వారాలు చూడండి, ఫంగస్ కూడా చూడండి’ అని రాయించండి. ఫంగస్ ఎందుకంటే, మట్టి నుంచీ గులాబీ ముళ్ల నుంచీ వచ్చే స్పోరోట్రైకోసిస్ కూడా అచ్చం ఇలాగే చేతి మీద వరసగా గడ్డలు లేపుతుంది. దాని మందు వేరు.

మెరైనమ్ అని తేలితే క్లారిత్రోమైసిన్, ఇతాంబ్యుటాల్, లోతుగా దిగితే రిఫాంపిసిన్ కూడా కలిపి నెలల తరబడి వాడాలి. గడ్డలు మానాక కూడా ఒకటి రెండు నెలలు ఆపకూడదు. మామూలు టీబీ కిట్టు మింగిన వాళ్లకు సగం తగ్గి ఆగిపోవడానికి కారణం ఉంది. అందులోని పైరజినమైడ్ దీనిమీద పనిచేయదు, ఐసోనియాజిడ్ కూడా దాదాపు అంతే. చర్మం మీది గడ్డలకు సర్జరీ అక్కర్లేదు. ముడవని ఆ నడిమి వేలికి మాత్రం కావచ్చు. టెండాన్ తొడుగు తెరిస్తే లోపల ఉబ్బిన పొర, ఒక్కోసారి తెల్లగా బియ్యపు గింజల్లాంటివి గుప్పెడు బయటపడతాయి. ఆ పొరను ఒలిచి తీసేస్తేగానీ వేలు ముడవదు. స్టెరాయిడ్ మాత్రం ఇంకోసారి వేయించుకోకండి.

కొట్టు మూసేయక్కర్లేదు. మోచేతి దాకా వచ్చే రబ్బరు గ్లవుజులు కొనుక్కోండి, మీ కుర్రాళ్లకూ కొనివ్వండి. గీతలున్న చేత్తో తొట్టిలో చెయ్యి పెట్టవద్దు.

ప్రశ్న: హాస్టల్‌లో ఉంటాను. కుడి పిడికిలి మీద, నడిమి వేలి కణుపు దగ్గర చిన్న గాయం. గోడకు తగిలింది. మెడికల్ షాపులో సెఫాలెక్సిన్ ఇచ్చారు. మూడో రోజుకు బాగా వాచింది, వేలు కదిపితే ప్రాణం పోతోంది. (విద్యార్థి, వేలచ్చేరి)

జవాబు: గోడకు పళ్లుండవు తమ్ముడూ.

నువ్వు నంబరు రాశావు కాబట్టి ఉత్తరం అందిన రోజే ఫోన్ చేసి ఆసుపత్రికి పొమ్మన్నాను. ఇక్కడ రాసేది మిగతా వాళ్ల కోసం. పిడికిలి బిగించి ఎదుటివాడి నోటి మీద గుద్దినప్పుడు పన్ను చర్మాన్నీ, కింద టెండాన్‌నూ దాటి కీలులోకి దిగుతుంది. డాక్టరు దగ్గర చెయ్యి చాపి చూపిస్తారు. వేళ్లు చాపగానే టెండాన్ వెనక్కి జరిగి లోపలి చిల్లును మూసేస్తుంది. పైన చూస్తే గీరుకున్నట్టే ఉంటుంది. పిడికిలి బిగించి చూస్తేనే దారి కనిపిస్తుంది. విరిగిన పన్ను ముక్క ఉందేమోనని ఎక్స్‌రే తీయాలి. నోటిలో ఉండే ఐకెనెల్లా అనే క్రిమికి సెఫాలెక్సిన్ పనిచేయదు, అమాక్సిసిలిన్ క్లావులనేట్ పనిచేస్తుంది. కీలులోకి దిగితే మందు ఒక్కటే చాలదు, థియేటర్‌లో తెరిచి కడగాలి, కుట్టకుండా వదలాలి. కొన్ని రోజులు ఆలస్యమైతే కీలులోని మృదులాస్థి కరిగిపోయి వేలు బిగుసుకుపోతుంది. అసలు కారణం చెప్పడానికి సిగ్గుపడకండి, మేం వార్డెన్‌కు చెప్పం. హెపటైటిస్ బి టీకా వేయించుకున్నారో లేదో కూడా చెప్పండి.

ప్రశ్న: మా నాన్నగారు అనంతపురం జిల్లాలో రైతు. మూడేళ్లుగా కుడి పాదం వాచి ఉంది, నొప్పి లేదు. చిన్న చిన్న బెజ్జాలు పడి వాటిలోంచి నీళ్లతోబాటు నల్లటి గింజల్లాంటివి వస్తాయి. రెండుసార్లు కోసి శుభ్రం చేశారు, మళ్లీ వచ్చింది. ఇప్పుడు కాలు తీసేయాలంటున్నారు. పంట చేతికొచ్చే దాకా ఎక్కడికీ రానని నాన్న మొండికేస్తున్నారు. (సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, పోరూరు)

జవాబు: వాపు, బెజ్జాలు, గింజలు మూడూ ఉంటే మైసెటోమా, అంటే మదురా ఫుట్ అనుకోవాలి. 1842లో మదురైలో గిల్ అనే డాక్టరు దీని గురించి మొదట రాశాడు. ఉత్త కాళ్లతో చేలో తిరిగే వాళ్లకు ముల్లుతోనో రాయితోనో లోపలికి పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్లక్ష్యానికి గురైన వ్యాధుల జాబితాలో దీన్ని చేర్చింది 2016లో మాత్రమే.

ఇందులో రెండు రకాలున్నాయి, వైద్యం పూర్తిగా వేరు. బాక్టీరియా రకమైతే కోట్రైమాక్సజోల్, అమికాసిన్ లాంటి మందులతోనే చాలామందికి మానుతుంది, కత్తి అవసరం అరుదు. ఫంగస్ రకమైతే ఇట్రాకొనజోల్ నెలల తరబడి వాడి, గడ్డ గట్టిపడి కుదించుకున్నాక చుట్టూ కొంత మంచి భాగంతో సహా తీసేసి, మళ్లీ మందు కొనసాగించాలి. నల్ల గింజలంటే ఎక్కువగా ఫంగసే. మందు లేకుండా పైపైన గోకి తీస్తే తిరిగి వస్తుంది, మీ నాన్నగారికి రెండుసార్లు జరిగింది అదేనేమో. కాలు తీయడం అన్నది ఎముకలన్నీ తినేసి, మందుకూ సర్జరీకీ లొంగనప్పుడు ఆఖరి మాట. ఏ రకమో తేలకముందే ఆ మాట ఎవరన్నా ఇంకో డాక్టరును అడగండి.

రాత్రి పడుకునేటప్పుడు బెజ్జాల మీద శుభ్రమైన గాజుగుడ్డ వేసి కట్టమనండి. పొద్దున దానికి అంటుకున్న గింజలతో సహా డబ్బాలో పెట్టి ల్యాబుకు తెండి. దాంతోబాటు ఎంఆర్‌ఐ, లోతు నుంచి ముక్క పరీక్ష, పాత ఆపరేషన్ల కాగితాలు. వీటన్నిటికీ ఇక్కడ కొన్ని రోజులు పడుతుంది, తర్వాత ఆయన ఊళ్లోనే ఉండి మందు మింగవచ్చు. లివర్ పరీక్ష అనంతపురంలో నెలకోసారి చేయిస్తే సరిపోతుంది. ఫంగస్సే అయితే ఆపరేషన్ ఎలాగూ నెలల తర్వాతి మాట. తేదీ వేరుశనగ పీకడం అయ్యాకే పెడతారని నాన్నగారికి చెప్పి, పరీక్షలకు మాత్రం ఈ నెలలోనే రైలెక్కించండి.