చారిత్రక ప్రాంతాన్ని జోనింగ్ నియమాలు ఎలా కాపాడతాయి?
అమెరికాలో పాత పేటలకు రక్షణ ఎక్కడి నుంచి వస్తుందన్నది ప్రశ్న. చారిత్రక స్థలాల జాతీయ జాబితా అయిన నేషనల్ రిజిస్టర్‌లో పేరు ఎక్కితే చాలని చాలామంది అనుకుంటారు. అది గౌరవమే తప్ప, యజమాని సొంత డబ్బుతో ఇల్లు కూల్చేస్తానంటే ఆపలేదు. అసలు బలం స్థానిక చట్టానిదే. 1931లో సౌత్ కరోలినాలోని చార్లెస్టన్ నగరం జోనింగ్ (ఏ ప్రాంతంలో ఏం కట్టొచ్చో చెప్పే నగర నియమాలు) ద్వారా ఈ దారి చూపించింది.

ముందు సర్వే చేస్తారు. ఏ భవనం ఆ కాలపు రూపాన్ని నిలబెడుతోందో, ఏది తర్వాత వచ్చి చేరిందో ఒక్కొక్కటిగా నమోదు చేసి, మ్యాప్ మీద హద్దు గీస్తారు. వాదనలు ఎక్కువగా ఇక్కడే. గీతకు అవతల పడ్డ ఇంటికి ఈ రక్షణ ఉండదు మరి. మామూలు జోనింగ్ అలాగే ఉంటుంది, ఈ నియమాలు దాని మీద ఇంకో పొరగా చేరతాయి.

ఇక వీధిలోకి కనిపించే మార్పులకు స్థానిక పరిరక్షణ కమిషన్ అనుమతి కావాలి. పాత చెక్క కిటికీ తీసేసి ప్లాస్టిక్ రకం వినైల్‌ది పెడతానంటే చాలాచోట్ల ఒప్పుకోరు. లోపల వంటగది మార్చుకుంటే సాధారణంగా అడగరు.

నన్ను బాధపెట్టేది వేరే ఉంది. కప్పు కారుతున్నా వదిలేసి, గోడలు పాడయ్యాక "ప్రమాదకరం, కూల్చేస్తాం" అని వచ్చేవాళ్లుంటారు. కనీస మరమ్మతులు తప్పనిసరి చేయని చట్టం ఇక్కడే ఓడిపోతుంది.