అవిసెలు తింటున్నా బీపీ దిగుతలేదా? – సమాధానం

తమ్ముడూ, నాయినకు రెండు నెలలుగా రోజూ పిడికెడు అవిసెలు ఉప్పేసి వేయించి పెడుతున్నా బీపీ 150/90 దగ్గరే ఆగిందని రాసినవు. మీకు రెండు చోట్ల దెబ్బ పడుతోంది: పొట్టు, ఉప్పు.

అవిసె గింజ పొట్టు నున్నగా, గట్టిగా ఉంటది. సరిగ్గ నమలకుండా మింగితే ఎట్ల పోయిందో అట్లనే బయటికొస్తది. లోపలి ఒమేగా-3 అనే మంచి కొవ్వు ఒంటికి పట్టదు. 2013లో వెలువడిన, కెనడాల రోగుల మీద చేసిన పరీక్షలో ఇచ్చింది అవిసె పొడే, రోజుకు 30 గ్రాములు, ఆరు నెలలు. పై బీపీ సుమారు 10, కింది బీపీ 7 పాయింట్లు తక్కువగా తేలింది. ఆ పరీక్షల ఉన్నవాళ్లు కాలి రక్తనాళాలు పూడుకున్న రోగులు. మీ ఇంట్ల కూడా అంతే దిగుతదని లెక్కేసుకోకు.

అందుకే గింజలు పొడి చేసి పెట్టు. సన్న మంట మీద రెండు మూడు నిమిషాలు వేయించి, చిటపటమనగానే దించు. చల్లారినంక మిక్సీల ఆపి ఆపి తిప్పు, లేకుంటే నూనె వదిలి ముద్దయితది. వారానికి సరిపడా మాత్రమే పట్టి, మూత గట్టిగున్న సీసాల ఫ్రిజ్జుల పెట్టు. పాత రంగుడబ్బా వాసనొస్తే పారెయ్యి.

మొదటి వారం రోజుకు ఒక పెద్ద చెంచా (7 గ్రాములు), తర్వాత రెండు. జొన్నరొట్టె పిండిలనో మజ్జిగలనో కలుపు. నీళ్లు తక్కువ తాగితే మలబద్ధకమే. గోలీలకూ దీనికీ రెండు గంటల ఎడం ఉంచు. రక్తం పలచబడే మందు వాడుతుంటే ముందు డాక్టర్‌ను అడుగు. బీపీ గోలీ ఆపనే ఆపొద్దు.

ఇక ఉప్పు: తొక్కు, కారంపొడితో కలిపి రోజు మొత్తానికి 5 గ్రాములు, అంటే ఒక టీ చెంచా మించొద్దు. అవిసె పొడిల ఉప్పు బదులు ఎల్లిపాయ, జీలకర్ర, ఎండుమిర్చి వేసి చూడు.