ఆ గాలి నవలలో లేదు

చిరంజీవి అమ్మాయికి,

నువ్వు పంపిన ఏడు వ్యాసాలూ చదివాను. ఐదు పుస్తకాల మీద, రెండు సినిమాల మీద. అన్నీ ఈ మూడు నెలల్లో చదివినవీ చూసినవీనట. గాజువాకలో ఉద్యోగం వెలగబెడుతూ అంత చదవడం మాటలు కాదు. "మొహమాటపడకుండా చెప్పండి మాస్టారూ" అన్నావు కదా, చెబుతున్నాను. కోపం తెచ్చుకోకు.

పెన్సిల్ పట్టుకుని లెక్కపెట్టాను. "అద్భుతం" పదకొండు చోట్ల ఉంది. "హృద్యంగా" ఆరు. "గుండెను తడిమింది" నాలుగు, అందులో రెండు ఒకే పేజీలో. ఇవి షామియానా వాళ్ళ కుర్చీలమ్మా. ఎవరి పెళ్ళికైనా వేస్తారు, మర్నాడు పొద్దున్నే లారీ ఎక్కించుకుని పోతారు. పైగా ప్రతి వ్యాసమూ రచయిత పుట్టిన ఊరితో మొదలై, కథ మొత్తం చెప్పేసి, "అందరూ తప్పక చదవాలి" అని దణ్ణం పెట్టి ముగుస్తోంది. ఇందులో నువ్వు ఎక్కడున్నావో నాకు కనపడలేదు.

ఒక్క చోట తప్ప. "కేరాఫ్ కంచరపాలెం" మీద రాసిన దాంట్లో, చివరి పేరాలో, దాదాపు బ్రాకెట్లో పెట్టినట్టు ఒక మాట రాశావు. సినిమా చూసిన మర్నాడు కంచరపాలెం మెట్టు దగ్గర బస్సు ఆగితే ఒకాయన ఎక్కాడు, చేతిలో స్టీలు క్యారేజీ, ఆయన్ని చూసి "ఈయన సినిమాలో ఉన్నాడా?" అని రెండు స్టాపుల దాకా తేల్చుకోలేకపోయానన్నావు. అసలు వ్యాసం అక్కడుంది! 2018లో వచ్చిన ఆ సినిమాలో ఎనభై మందికి పైగా ఆ పేటవాళ్ళే నటించారు, చాలామంది అంతకుముందు కెమెరా ముందు నిలబడినవాళ్ళు కాదు. ఆ సంగతి నువ్వు కూడా రాశావు, రెండో పేజీలో, సమాచారంలాగా. బస్సులో నీకు కలిగిన తికమకకి కారణం అదేనని మాత్రం చూసుకోలేదు. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టు, "సహజ నటన" అనే మాట అవసరమే ఉండదు. ఇంకోటి. నాలుగు ప్రేమకథలూ ఒక్కడివేనని రెండో వాక్యంలోనే చెప్పేశావేటి? రెండున్నర గంటలు దాచుకున్న గుట్టు అది!

"అల్పజీవి" నవల సంగతి. దాన్ని రాసిన రావిశాస్త్రి గారు ఈ విశాఖపట్నంలోనే ప్లీడరు చేశారని రాశావు, బాగుంది. సుబ్బయ్య పిరికివాడని కూడా రాశావు. అది అందరికీ తెలుసు. నేను ఆ నవల ఇరవయ్యేళ్ళప్పుడు చదివి సుబ్బయ్యని చూసి పకపకా నవ్వాను. మళ్ళీ చదివింది, ఒకాయన దగ్గర చేబదులు తీసుకుని తీర్చలేక, పూర్ణామార్కెట్ దగ్గర ఆయన స్కూటర్ కనిపిస్తే పక్క సందులోకి తిరిగిపోతున్న రోజుల్లో. ఆ రెండోసారి ఒక్క చోటా నవ్వు రాలేదు. నవలలో అక్షరం మారలేదు కదా. నీ వయసేమిటి, జేబులో ఎంతుంది, ఎవర్ని చూస్తే నీకు గొంతు ఎండిపోతుంది? అవి తెలిస్తే సుబ్బయ్య గురించి నువ్వు చెప్పేది నాకు కొత్తగా ఉంటుంది. "శైలి బాగుంది" అని మాత్రం రాయకు. ఒక పేజీ చేత్తో ఎత్తిరాసుకో. ఆయన ఒకే మాటని తిప్పి తిప్పి ఎలా కొడతాడో, పోలిక మీద పోలిక ఎలా పేరుస్తాడో నీ వేళ్ళకే తెలుస్తుంది.

అలాగని నీ సంగతులే రాసుకుంటూ పోతే ఏమవుతుందో కూడా చెప్పాలి. నాకైన పరాభవమే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. నువ్వప్పుడు బడిలో ఉండి ఉంటావు. ఆ తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, వీధిలో చెట్లన్నీ అడ్డంగా పడున్నాయి. కొవ్వొత్తి పెట్టుకుని ఒక నవల పూర్తిచేశాను. నెల తర్వాత దాని మీద ఒక పత్రికకి రాస్తూ, చివరి అధ్యాయంలో గాలి లేచే ఘట్టాన్ని తెగ మెచ్చుకున్నాను. ఒక పాఠకుడు ఫోన్ చేశాడు. "మాస్టారూ, మూడుసార్లు వెతికాను, అందులో గాలి ఎక్కడుందండీ?" పుస్తకం తీశాను. లేదు. ఆ చివరి అధ్యాయంలో ఆవిడ తలుపు వేసుకుని ఊరికే కూర్చుంటుంది, అంతే. గాలి మా ఇంటి రేకుల మీదిది.

సిగ్గుపడ్డాను గానీ, ఆ తర్వాత ఆలోచిస్తే, నేను గాలి గురించి రాయడం తప్పు కాదు. దాన్ని నవలలో పెట్టడం తప్పు. అప్పట్నుంచీ రెండు పనులు చేస్తున్నాను. చదివిన రాత్రే, చూసిన రాత్రే, ఎక్కడ ఆగానో నాలుగు ముక్కలు గీకి పెట్టుకుంటాను. రాయడానికి కూర్చునే ముందు పుస్తకం మళ్ళీ తీసి ఆ చోటు చూసుకుంటాను. సొంత కాపీ లేకపోతే ద్వారకానగర్ పౌరగ్రంథాలయం ఉండనే ఉంది.

నిద్రొచ్చిన చోట్లు కూడా రాయి. పెద్ద రచయిత అని భయపడకు.

మిగతా ఆరూ పక్కన పెట్టి, కంచరపాలెం ఒక్కటే మళ్ళీ రాసి పంపు. బస్సుతో మొదలుపెట్టు. ఇంతకీ ఆ క్యారేజీ ఆయన ఏ స్టాపులో దిగాడు? రాయలేదు నువ్వు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు