లిప్తకూ నిర్లిప్తతకూ చుట్టరికం ఉందా?

ప్రశ్న: ‘లిప్తపాటులో ప్రమాదం తప్పింది’ అని పత్రికల్లో చదువుతుంటాం. నిర్లిప్తతలో ఉన్న లిప్త, ఈ లిప్త ఒకటేనా? లిప్తం అంటే పూయబడినది అని నిఘంటువులో ఉంది. పూతకూ కాలానికీ సంబంధం ఏమిటో అర్థం కాలేదు. రెప్పపాటే నోళ్లలో నలిగి లిప్తపాటు అయిందని మా తెలుగు మాస్టారు చెప్పేవారు. అది నిజమేనా? ‘లిప్తపాటు క్షణంలో’ అని రాయవచ్చా?
— ఒక పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: రెండూ ఒకటి కాదు. రూపం ఒకటే, పుట్టిల్లు వేరు.

నిర్లిప్తతలోనిది సంస్కృతంలోని ‘లిప్’ ధాతువు. పూయడం, అంటడం దాని అర్థం. లేపనం, విలేపనం, అనులేపం అన్నీ దాని సంతానమే. దేనికీ అంటకుండా ఉండడం నిర్లిప్తత. కాలాన్ని చెప్పే లిప్తకు ఈ ధాతువుతో సంబంధం లేదు. అది గ్రీకు దేశం నుంచి వచ్చింది. గ్రీకులో ‘లెప్తోస్’ అంటే సన్ననిది, చిన్నది. దాని నుంచే ‘లెప్తోన్’, చిన్న తునక అని. బహువచనం ‘లెప్తా’. మన జ్యోతిష గ్రంథాల్లో ఈ మాట ‘లిప్తా’ అని స్త్రీలింగంగా కనిపిస్తుంది. పక్కపక్కన పెడితే పోలిక చెప్పనక్కరలేదు.

గ్రీకుల లెప్తోన్ మొదట కాలానికి కొలత కాదు, ఆకాశానికి కొలత. రాశిచక్రాన్ని 360 భాగలు (డిగ్రీలు) చేసి, ఒక్కో భాగను మళ్లీ 60 ముక్కలు చేస్తే వచ్చేది లెప్తోన్. ఆ అరవై లెక్క బాబిలోనియా వారిది. వారి నుంచి గ్రీకులు నేర్చుకున్నారు. క్రీస్తు శకం 2వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో ఉన్న ఖగోళ శాస్త్రవేత్త టాలెమీ గణితమంతా ఈ అరవైల మీదే నడిచింది. మన సిద్ధాంతులు అదే కొలతను ‘కల’ అనీ ‘లిప్త’ అనీ రెండు పేర్లతో వాడారు. అందులో అరవయ్యో వంతు వికల, లేదా విలిప్త. రాశికి 1,800 లిప్తలు. నక్షత్రానికి 800, పాదానికి 200. ‘మాది రోహిణి మూడో పాదం’ అని ఎవరైనా చెబితే, వారు పుట్టినప్పుడు చంద్రుడు ఆకాశంలో ఫలానా 200 లిప్తల జాగాలో ఉన్నాడని దాని అర్థం.

చక్రం మొత్తానికి 21,600 లిప్తలు. ఈ అంకె మీరు వేరే చోట విని ఉంటారు. మనిషి రోజుకు 21,600 సార్లు ఊపిరి తీసి విడుస్తాడని, అదే అజపా జపమని యోగశాస్త్రం చెప్పే లెక్క ఇదే. కాకతాళీయమేమీ కాదు. రోజుకు 60 ఘడియలు, ఘడియకు 60 విఘడియలు, విఘడియకు 6 ప్రాణాలు. ప్రాణం అంటే ఒక ఉచ్ఛ్వాస నిశ్వాసల కాలం, 4 సెకన్లు. గుణిస్తే 21,600 వస్తుంది. ఒక ప్రాణ కాలంలో ఒక కల మేర భ్రమణం జరుగుతుందని ఆర్యభటుడు సూత్రప్రాయంగా చెప్పాడు. అంటే మీరు ఒక్కసారి ఊపిరి పీల్చి వదిలేలోపు ఆకాశం ఒక్క లిప్త తిరుగుతుంది. పెద్దవారు నిమిషానికి సుమారు 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారని వైద్యులు చెబుతారు. మన లెక్కలో 15 పడుతుంది. పెద్దలు నికరంగానే పట్టుకున్నారు.

అసలు తమాషా ఇక్కడి నుంచి మొదలవుతుంది. గ్రీకుల ఈ అరవయ్యో వంతును మధ్యయుగపు లాటిన్ పండితులు ‘మొదటి చిన్న భాగం’ అన్నారు. లాటిన్‌లో చిన్నదానికి మాట ‘మినుతా’. దాన్ని మళ్లీ అరవై చేస్తే వచ్చేది ‘రెండో చిన్న భాగం’, అంటే ‘సెకుందా’. గడియారంలో మినిట్, సెకండ్ అనే పేర్లు ఇవే. కాబట్టి లిప్త అంటే పుట్టుకతో మినిట్ అన్నమాట. గ్రీసులో నేటికీ మినిట్‌ను ‘లెప్తో’ అనే పిలుస్తారు.

మరి మనం మినిట్‌ను ఏమన్నాం? నిమిషం అన్నాం. సంస్కృతంలో నిమిషం, నిమేషం అంటే రెప్ప వాల్చడం, రెప్ప వాల్చేంత సేపు. రెప్ప వేయరు కాబట్టే దేవతలు అనిమిషులు. స్వయంవరంలో నలుడి రూపంలో కూర్చున్న దేవతల మధ్య దమయంతి అసలు నలుణ్ణి గుర్తుపట్టిన ఆనవాళ్లలో ఈ రెప్పపాటు ఒకటి. చేపకూ అనిమిషమనే పేరుంది. అదే కారణం. అంటే తెలుగులో రెండు మాటలు ఒకదాని కుర్చీలో ఒకటి కూర్చున్నాయి. రెప్పపాటు అని అర్థం ఉన్న నిమిషం సాగి సాగి 60 సెకన్లయింది. మినిట్ అని అర్థం ఉన్న లిప్త కుంచించుకుపోయి రెప్పపాటయింది. ఇంత కచ్చితమైన మార్పిడి మరో జంట మాటల్లో నాకు కనబడలేదు.

ఆకాశపు లిప్త కాలపు లిప్తగా ఎలా మారింది? పంచాంగపు లెక్కల్లో విఘడియకు 60 లిప్తలు అనే వాడుక ఉంది. విఘడియ 24 సెకన్లు కాబట్టి అప్పుడు లిప్త 0.4 సెకను. భాగను అరవై చేస్తే వచ్చేదానికి ఉన్న పేరు, విఘడియను అరవై చేస్తే వచ్చేదానికీ అతికిందని నా అభిప్రాయం. రెంటిలోనూ పని ఒకటే, అరవయ్యో వంతు చేయడం. కనురెప్ప ఒకసారి పడి లేవడానికి పట్టే సమయం సుమారు 0.1 నుంచి 0.4 సెకను. ఆ రకంగా లిప్తపాటు, రెప్పపాటు నిజంగానే ఇరుగుపొరుగు.

కాలపు మాటలు ఇలా సాగడం, కుంచించుకోవడం మామూలే. సంస్కృత నిఘంటువు అమరకోశంలో అమరసింహుడు ఇచ్చిన వరుస చూడండి. 18 నిమేషాలు ఒక కాష్ఠ, 30 కాష్ఠలు ఒక కల (ఇది కాలపు కల, పైన చెప్పిన ఆకాశపు కల కాదు), 30 కలలు ఒక క్షణం, 12 క్షణాలు ఒక ముహూర్తం. ముహూర్తం 48 నిమిషాలు కాబట్టి అమరుడి క్షణం అక్షరాలా 4 నిమిషాలు! కార్యాలయాల్లో ‘ఒక్క క్షణం కూర్చోండి’ అనేవారు అమరకోశం చదివి ఉంటారేమో అని నాకు అప్పుడప్పుడు అనుమానం. ఈ వరుసలో లిప్త లేదు. ఉండదు కూడా, అది జ్యోతిషుల పరిభాష.

మీ మాస్టారు గారి మాటకు వద్దాం. తెలియని మాటను తెలిసిన మాటతో ముడివేయడం కొత్త సంగతి కాదు. 6వ శతాబ్దపు వరాహమిహిరుడే బృహజ్జాతకంలో ఇలాంటిదొకటి చెప్పాడు. ‘హోరా’ అనే మాట ‘అహోరాత్ర’లో మొదటి అక్షరం, చివరి అక్షరం లోపించగా ఏర్పడిందని కొందరు అంటారని. వినసొంపుగా ఉంది కదా! కానీ హోర గ్రీకు మాటే. కాలం, వేళ అని అక్కడ అర్థం. ఇంగ్లీషు వారి ‘అవర్’ దానికి స్వయానా చెల్లెలు. అదే గ్రంథంలో వరాహమిహిరుడు మేషాదుల పర్యాయాలుగా క్రియ, తావురి, లేయ, పాథోన, జూక అంటూ గ్రీకు రాశుల పేర్లు వరసపెట్టాడు. తెచ్చుకున్న మాటల్ని దాచుకునే అలవాటు ఆయనకు లేదు. యవనులు, అంటే గ్రీకులు, మ్లేచ్ఛులే అయినా ఈ శాస్త్రం వారి దగ్గర చక్కగా ఉంది కనుక వారూ ఋషుల్లా పూజలందుకుంటున్నారన్న మాటను బృహత్సంహితలో చేర్చుకున్నాడు.

అయితే మాస్టారు గారి ఊహ పూర్తిగా కొట్టిపారేయదగింది కాదు. లిప్త రెప్ప నుంచి పుట్టలేదు గానీ, ‘లిప్తపాటు’ అనే సమాసం రెప్పపాటును చూసే ఏర్పడి ఉండాలి. రెప్పపాటులో పాటు ‘పడు’ నుంచి వచ్చింది, రెప్ప పడేంత సేపు. లిప్త పడదు, లేవదు. కాకపోతే ‘గంటపాటు’, ‘రెండు రోజులపాటు’ అన్నప్పుడు పాటుకు వ్యవధి అనే అర్థం స్థిరపడిపోయింది కనుక లిప్త పక్కన కూడా అది ఇబ్బంది లేకుండా ఇమిడింది.

లిప్ ధాతువు ఇలా పరాయి మాటను తనదిగా చూపడం ఇదొక్కసారే కాదు. ‘లిపి’ని కూడా దాని ఖాతాలోనే వేస్తారు, సిరా పూయడం అని. కానీ వాయవ్యాన షాబాజ్‌గఢీలో అశోకుడి శాసనాల్లో అదే మాట ‘దిపి’ అని ఉంది. పాత పారసీకంలో శాసనానికి, రాతకు వాడిన మాట అది.

గ్రీకు మాటలు మనకు కొత్త అనుకోకండి. ‘కేంద్రం’ గ్రీకు ‘కెంత్రోన్’. ముల్లుకర్ర, దాని మొన అని అర్థం. వృత్తం గీసేటప్పుడు కదలకుండా గుచ్చి ఉంచే మొన అన్నమాట. జాతకంలో 1, 4, 7, 10 స్థానాలు కేంద్రాలు. అక్కడి నుంచి అది పోలింగ్ కేంద్రం దాకా, ఢిల్లీలోని ప్రభుత్వం దాకా నడిచింది. గ్రీకు ‘ద్రఖ్మా’ నాణెం ద్రమ్మమై, దామ్ అయి, దమ్మిడీగా మన జేబులోకి వచ్చింది. ‘దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరిక లేదు’ అనే సామెతలో క్షణం బదులు లిప్త అని ఉంటే కొలతలు రెండూ గ్రీకువే అయ్యేవి.

లెప్తోస్ మాత్రం ఇంకా పిల్లలు పెడుతూనే ఉంది. ఎలక్ట్రాన్, న్యూట్రినో వంటి తేలిక కణాలకు 1948లో రోజెన్‌ఫెల్డ్ అనే భౌతిక శాస్త్రవేత్త పెట్టిన ఇంటిపేరు లెప్టాన్. వానలు, వరదలప్పుడు ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల వచ్చే జ్వరం లెప్టోస్పైరోసిస్. ఆ సూక్ష్మజీవి సన్నని మెలిక కాబట్టి ఆ పేరు. కొవ్వు కణాల నుంచి పుట్టి ‘ఇక చాలు’ అని మెదడుకు కబురు పంపే హార్మోనును 1994లో కనుగొన్నారు, దాని పేరు లెప్టిన్. ఏసు మెచ్చుకున్న పేద విధవరాలు కానుకపెట్టెలో వేసిన రెండు చిన్న నాణేలు గ్రీకు మూలంలో ‘లెప్తా’లే. గ్రీసులో యూరో సెంటును నేడు పిలిచేదీ అలాగే. అన్నిటిలోనూ అర్థం ఒకటే: సన్నం, చిన్నం.

ఇక చివరి ప్రశ్న. ‘లిప్తపాటు క్షణంలో’ అని రాయకండి. లిప్తా కాలమే, క్షణమూ కాలమే. ఒకదాని వెనుక ఒకటి పేర్చితే వేగం పెరగదు, వాక్యం బరువెక్కుతుంది. ‘లిప్తపాటులో’, ‘లిప్తకాలంలో’, ‘లిప్తలో’ మూడూ సాధువులే. ‘లిప్తకాలంపాటు’ కూడా తప్పు కాదు, అయితే అది ఒక పని అంతసేపు సాగిందని చెప్పడానికి. ‘లిప్తకాలంపాటు మెరుపు మెరిసింది’ అనవచ్చు. మీరు ఉదహరించిన వార్తలో ప్రమాదం అంతసేపు తప్పుతూ ఉండలేదు, ఒక్కసారే తప్పింది. అక్కడ ‘లిప్తపాటులో’ అన్నదే సరైన మాట.