పగడాలను తినే చదును పురుగు: గుడ్లు మిగిలితే డిప్ చేసినా ఫలితం ఉండదు

ప్రశ్న: నమస్తే సార్. మాది బాపట్ల దగ్గర పల్లె. ఉద్యోగరీత్యా అమెరికాలో, టెక్సాస్‌లో ఉంటున్నాను. గ్యారేజీలో ఉప్పునీటి ట్యాంకులు పెట్టి ఎక్రోపోరా పగడాల ముక్కలు పెంచి, ఇక్కడి అక్వేరియం వాళ్లకు అమ్ముతున్నాను. ఈమధ్య కొన్న ఒక కాలనీ (పగడపు గుత్తి) రంగు వెలిసిపోయి, కొమ్మల మీద గుండ్రటి తెల్ల మచ్చలు పడ్డాయి. మందు నీళ్లలో డిప్ చేస్తే చదునైన పురుగులు రాలాయి. కొన్ని వారాలకే మళ్లీ వచ్చాయి, పక్క కాలనీలకూ పాకాయి. చాలా టెన్షన్‌గా ఉంది. ట్యాంకులోనే మందు కలిపేయొచ్చా? ఇంకో మాట: మన ఊరు వచ్చేశాక తీరంలో ఇలాంటి యూనిట్ పెట్టుకోవచ్చా?

జవాబు: ట్యాంకులో మందు కలపకండి. గుడ్లకు దాంతో ఏమీ కాదు. రొయ్యలు, పీతలు, నీటిని శుభ్రంగా ఉంచే చిన్న జీవులు మాత్రం చచ్చిపోతాయి.

మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఇది ఎక్రోపోరాను తినే చదును పురుగే. శాస్త్రీయ నామం ప్రోస్థియోస్టోమమ్ ఎక్రోపోరే. 2011లో దీన్ని మొదట వర్ణించినప్పుడు వేరే పేరు పెట్టారు, కాబట్టి పాత రాతల్లో అమకుసప్లానా అని కనిపిస్తే కంగారు పడకండి, రెండూ ఒకటే. పగడం కణజాలాన్ని తింటూ అందులోని రంగు నాచు కణాలను ఈ పురుగు తన ఒంట్లోనే దాచుకుంటుంది. అందుకే పగడం మీద ఉన్నప్పుడు అదే రంగులో కలిసిపోయి కంటికి ఆనదు. మచ్చలు చూసి, లైటు ఎక్కువైందేమో, నీటిలో ఏదో తేడా వచ్చిందేమో అని చాలామంది నెలలు పోగొట్టుకుంటారు. లైటు వల్ల పాలిపోతే వెలుగు తగిలే వైపంతా ఒకే తీరుగా పాలిపోతుంది. పురుగు తిన్న చోట విడివిడిగా గుండ్రటి గాట్లు ఉంటాయి, అవి కొమ్మల అడుగున, నీడ వైపున ఎక్కువ. మీకు పురుగులు రాలాయి కాబట్టి ఇక అనుమానం లేదు.

అసలు కిటుకు గుడ్లలో ఉంది. కణజాలం చచ్చి ఎముకలాంటి తెల్ల భాగం బయటపడిన చోట, ముఖ్యంగా మొదలు దగ్గర, ఈ పురుగు గుడ్లు పెడుతుంది. లేత గోధుమ, బంగారు రంగు గింజల్లా గుంపుగా అంటుకుని ఉంటాయి. వాటి పెంకు గట్టిది. అయోడిన్ గానీ, మొక్కలకు కొట్టే పురుగుమందు గానీ, దుకాణంలో దొరికే ఏ డిప్ గానీ ఆ పెంకును దాటి లోపలికి పోదు. నీరు 27 డిగ్రీలుంటే దాదాపు 11 రోజుల్లో గుడ్లు పగులుతాయి, చల్లగా ఉంటే ఇంకా ఆలస్యం. పిల్ల పురుగు పెరిగి మళ్లీ గుడ్లు పెట్టడానికి సుమారు ఐదు వారాలు పడుతుంది. మీరు డిప్ చేసిన రోజు పెద్ద పురుగులు రాలాయి, గుడ్లు మిగిలాయి. కొన్ని వారాలకు మీకు కనిపించింది ఆ తర్వాతి తరం.

కాబట్టి ముందు ఎక్రోపోరా అంతటినీ, బాగున్నట్లు కనిపించేవి కూడా, వేరే చిన్న ట్యాంకులోకి తీయండి. ఒక్క ముక్క పెద్ద ట్యాంకులో వదిలినా పని మొదటికొస్తుంది. ప్రతి కాలనీని తిరగేసి, భూతద్దం పెట్టి చూసి, గుడ్లున్న మొదలును కోసి పారేయండి. కోయలేని చోట గట్టి బ్రష్‌తోనో, చిన్న చాకుతోనో గీకండి. పాత ప్లగ్గు (ముక్కను అంటించే చిన్న దిమ్మ), పాత జిగురు మళ్లీ వాడొద్దు, గుడ్లు దాక్కునేది వాటి కిందే. ఈ గీకే పనిని తొందరగా ముగించేవాళ్లకే పురుగు మళ్లీ వస్తుంది. ఒక పూట ఎక్కువ పట్టినా పర్వాలేదు, ఓపికగా చేయండి.

ఆ తర్వాత డిప్. డబ్బా మీద రాసిన మోతాదు, సమయం దాటకండి, ఎక్కువ వేస్తే పగడమే పోతుంది. డిప్‌లో ఉన్నప్పుడు పిచికారీ గొట్టంతో కొమ్మల మధ్య నీటిని బలంగా ఊదండి. కింద తెల్ల గిన్నె పెడితే రాలినవి స్పష్టంగా కనిపిస్తాయి. చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. ట్యాంకు నీటితో రెండుసార్లు కడిగాకే తిరిగి పెట్టండి. ఇలా వారానికొకసారి, కనీసం ఆరు వారాలు చేయండి. మధ్యలో పురుగు కనిపించకపోయినా ఆపొద్దు. బలహీనపడిన కాలనీ వారం వారం డిప్‌కు తట్టుకోదనిపిస్తే, దాని బాగున్న కొనలు కోసి కొత్త ప్లగ్గు మీద పెట్టి, మిగతాది వదులుకోండి. మనసొప్పదు గానీ మిగతా వాటిని కాపాడాలంటే అదే దారి.

పెద్ద ట్యాంకును ఎక్రోపోరా లేకుండా రెండు నెలలు ఖాళీగా ఉంచండి. ఈ పురుగుకు తిండి ఎక్రోపోరానే. అది దొరక్కపోతే మిగిలినవి ఆకలికి పోతాయి.

సిక్స్‌లైన్ వ్రాస్ చేప, పెప్పర్‌మింట్ రొయ్య ఈ పురుగులను తింటాయని ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. రొయ్య గుడ్లను కూడా తింటుంది, చేప తినదు. రెండూ సాయానికే. వాటిని ట్యాంకులో వేసి చేతులు కట్టుకుని కూర్చుంటే పురుగు తగ్గినట్టు కనిపిస్తుంది గానీ పోదు. అప్పుడు తెలియకుండానే అమ్మకంలో ఇతరుల ట్యాంకుల్లోకి పంపేస్తారు. ఈ ఆరు వారాలు ఒక్క ముక్క కూడా అమ్మకండి. ఇప్పటికే కొన్నవాళ్లకు ఫోన్ చేసి విషయం చెప్పండి. వాళ్లు త్వరగా తెలుసుకుంటే నష్టం చిన్నగా పోతుంది.

గాజు మీద, రాళ్ల మీద తుప్పు రంగులో, వెనక రెండు మూడు తోకల్లాంటివి ఉన్న పురుగులు కనిపిస్తే అవి వేరు. అవి పగడాన్ని తినవు, కప్పేసి నీడ చేస్తాయి. వాటిని ఒక్కసారిగా మందుతో చంపితే చచ్చిన పురుగుల నుంచి విషం వచ్చి చేపలు పోతాయి. ముందు గొట్టంతో పీల్చి వీలైనన్ని తీసేసి, తర్వాతే మందు, వెంటనే విషాన్ని పీల్చే యాక్టివేటెడ్ కార్బన్ (బొగ్గు), నీటి మార్పిడి.

ఇక మన తీరంలో యూనిట్ సంగతి. రీఫ్ కట్టే గట్టి పగడాలన్నీ మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. సముద్రం నుంచి తీయడం, అమ్మడం నేరం. కాబట్టి ఎక్రోపోరా ఆలోచన అక్కడితోనే వదిలేయండి. ఉప్పునీటి అనుభవం మాత్రం వృథా కాదు. క్లౌన్‌ఫిష్, డామ్సెల్ వంటి అలంకార చేపల హేచరీ పద్ధతులను కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ రూపొందించింది. విశాఖపట్నంలో దాని ప్రాంతీయ కేంద్రం ఉంది. ఈసారి సెలవుకు వచ్చినప్పుడు అక్కడికి వెళ్లి మాట్లాడండి.