ఇంటర్వ్యూల కోడింగ్‌కి ఎన్‌వివో కొనాల్సిందేనా?

ముప్పై దాకా ఇంటర్వ్యూ ట్రాన్స్‌క్రిప్టులున్నాయి, గైడ్ ఎన్‌వివో అనే కోడింగ్ సాఫ్ట్‌వేర్ వాడమంటున్నారు, లైసెన్సుకి డబ్బుల్లేవు, ఎక్సెల్‌తో లాగించేయొచ్చా అని అడిగారు. ఎన్‌వివో లేకపోతే మీ థీసిస్ ఏమీ ఆగదు. ఎక్సెల్ జోలికి మాత్రం వెళ్లొద్దు. కోడింగ్ అంటే, ఇంటర్వ్యూలో అన్న మాటకి అది దేని గురించో చెప్పే చిన్న పేరు, అంటే కోడ్, తగిలించడం.

ఎక్సెల్‌తో చిక్కేంటంటే, ఒకే మాటకి రెండు మూడు కోడ్‌లు పడతాయి. ఒకటి సగం వాక్యానికి, ఇంకోటి పేరా మొత్తానికి. గడుల్లో ఇది ఇమడదు. పైగా ముక్కని కోసి గడిలో పెట్టాక, దాని ముందు మీరేం అడిగారో, ఆ మనిషి ఏ ఊపులో ఆ మాటన్నారో కనబడదు. ఈ పనికి తయారైన ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా ముక్క మీద నొక్కితే అసలు ట్రాన్స్‌క్రిప్టులో ఆ చోటికే తీసుకెళ్తుంది.

నేను పనిచేసిన ఒక టీమ్‌లో నర్సుల డ్యూటీల మీద ఇంటర్వ్యూలు చేశాం. ‘నైట్ డ్యూటీ దిగి ఇంటికెళ్తే పడుకోవడానికేం ఉండదు, పిల్లల్ని స్కూలుకి పంపాలి కదా’ అని ఒకావిడ అంటే, దానికి ‘నిద్ర’, ‘ఇంటి పని’, ‘అలసట’ మూడూ పెట్టాం. కొన్నాళ్లకి ‘అలసట’ కింద చేరినవన్నీ ఒకేచోట తెరిచి వరుసగా చదివితే, అందులో రెండు వేరువేరు సంగతులు కనిపించాయి. కొందరు కాళ్లు లాగేస్తున్నాయని చెబుతున్నారు. మిగతావాళ్లు ‘ఎంత చేసినా ఒక్క మంచిమాట లేదు’ అంటున్నారు. రెండోది ఒంటి అలసట కాదు. ఆ కోడ్‌ని అక్కడే రెండుగా విడగొట్టాం, చివరికి రిపోర్టులో ఒక అధ్యాయం దాన్నుంచే వచ్చింది. సాఫ్ట్‌వేర్ చేసిందల్లా ఆ మాటల్ని పక్కపక్కన పెట్టడమే. దానికోసమే వాడాలి కూడా. ‘విశ్లేషించు’ అనే బటన్ ఎంత ఖరీదైనదాంట్లో ఉన్నా నమ్మకండి.

ఈ కాస్త పనికి ఉచితంగా దొరికేవి చాలు. ట్యాగెట్ అన్నిటికన్నా తేలిక, నేర్చుకోవడానికి ఒక పూట పడుతుంది. వర్డ్, పీడీఎఫ్ ఫైళ్లు ఎక్కించి, మాటలు సెలెక్ట్ చేసి ట్యాగ్, అంటే కోడ్, పెట్టడమే. ఆడియో, వీడియోలకి పనికిరాదు. బ్రౌజర్‌లో వాళ్ల సర్వర్ మీద వాడొచ్చు, మీ కంప్యూటర్‌లోనే పెట్టుకోనూ వచ్చు. ఇంటర్వ్యూ ఇచ్చినవాళ్ల గోప్యత ముఖ్యమైతే రెండోదే మంచిది. క్వాల్‌కోడర్ కూడా ఉచితమే. ఆడియో, వీడియో, ఫొటోలనూ కోడ్ చేస్తుంది, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. చూడ్డానికి అంత అందంగా ఉండదు, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కొంచెం విసిగిస్తుంది, కానీ థీసిస్‌కి కావలసినవన్నీ ఉన్నాయి. మీ స్థానంలో నేనుంటే దీనితోనే మొదలుపెడతాను.

డబ్బులు పెట్టాల్సినవాటిలో ఎన్‌వివో, అట్లాస్ టీఐ, మ్యాక్స్‌క్యూడీఏ పెద్దవి. మొదటి రెండూ ఏళ్ల తరబడి పోటీపడి, 2024 నుంచి లుమివెరో అనే ఒకే కంపెనీ గొడుగు కిందకి వచ్చాయి. టీమ్‌లో చాలామంది ఉండి, సర్వే అంకెల్నీ ఇంటర్వ్యూల్నీ కలిపి చూడాల్సినప్పుడు వీటికి పెట్టిన డబ్బు గిట్టుబాటవుతుంది. ఒక్కరే కూర్చుని చేసే ముప్పై ఇంటర్వ్యూలకి అంత హంగు అక్కర్లేదు. యూనివర్సిటీ లైసెన్స్ ఉంటే నిక్షేపంగా వాడుకోండి. కాకపోతే చదువు అయ్యాక అది ఉంటుందో ఉండదో ముందే కనుక్కోండి. మా టీమ్‌లో ఒకరికి లైసెన్స్ గడువు తీరింది. రెండేళ్ల కోడింగ్ కళ్లెదుటే ఉన్నా ఫైలు తెరుచుకోలేదు.

అందుకే ఏది ఎంచుకున్నా మొదట ఎక్స్‌పోర్ట్, అంటే చేసిన పనిని ఇంకో సాఫ్ట్‌వేర్‌కి తీసుకెళ్లే వీలు, ఉందో లేదో చూడండి. రెఫి-క్యూడీఏ అని ఒక ఉమ్మడి ఫార్మాట్ ఉంది. ఫైలు పేరు చివర క్యూడీపీఎక్స్ అని వస్తుంది. పైన చెప్పిన మూడు పెద్ద ప్యాకేజీలూ, క్వాల్‌కోడరూ దాన్ని చదువుతాయి, రాస్తాయి. ట్యాగెట్‌లో ప్రాజెక్టు మొత్తం ఇలా బయటికి రాదు, కోడ్‌బుక్, అంటే కోడ్‌ల జాబితా, వరకే ఈ ఉమ్మడి పద్ధతిలో వస్తుంది. ట్యాగ్ చేసిన ముక్కల్ని మాత్రం వర్డ్‌లోకో స్ప్రెడ్‌షీట్‌లోకో తీసుకోవచ్చు.

తెలుగు ట్రాన్స్‌క్రిప్టులైతే ఇంకో మాట. ఎక్కువసార్లు వచ్చిన పదాలతో రంగురంగుల బొమ్మ గీసిచ్చే సదుపాయం ఉంటుంది, దాన్ని చూసి మురిసిపోకండి. ‘ఇల్లు’, ‘ఇంట్లో’, ‘ఇంటికి’ ఒకే మాట అని దానికి తెలియదు, మూడుగా లెక్కపెడుతుంది. ట్రాన్స్‌క్రిప్టులు యూనికోడ్‌లో, వర్డ్ ఫైళ్లుగా ఉంచుకోండి. పీడీఎఫ్ చేస్తే సెలెక్ట్ చేసిన అక్షరాలు చెల్లాచెదురయ్యే ప్రమాదం ఉంది.

సాఫ్ట్‌వేర్ కన్నా కోడ్‌బుక్ మీద టైమ్ పెట్టండి. ప్రతి కోడ్ కింద రెండు వాక్యాలు చాలు, ఏది ఇందులోకి వస్తుంది, ఏది రాదు. ‘అలసట: ఒంటికి సంబంధించినది మాత్రమే. గుర్తింపు లేదన్న బాధ ఇక్కడ పెట్టొద్దు’ అని మేం రాసుకున్నాక టీమ్‌లో వాదనలు సగం తగ్గాయి. ఇద్దరి కోడింగ్ ఎంత కలిసిందో చూపే కప్పా అంకె ఇవ్వమని గైడ్ అడగొచ్చు. మీ పద్ధతి బ్రాన్, క్లార్క్ అనే పరిశోధకుల రిఫ్లెక్సివ్ థీమాటిక్ అనాలిసిస్ (పరిశోధకుడి సొంత చూపుని కూడా విశ్లేషణలో భాగంగానే చూసే పద్ధతి) అయితే ఆ అంకె అతకదు, ఆ మాట వాళ్లే చెప్పారు. అలాంటప్పుడు అంకె బదులు మీ మెమోలు, అంటే కోడ్ చేస్తూ మీరు రాసుకున్న ఆలోచనలు, చూపించండి.

ఇప్పుడు ఏఐ కోడింగ్ అని చాలావాటిలో తగిలిస్తున్నారు. నేనైతే నా కోడింగ్ పూర్తయ్యేదాకా దాన్ని ముట్టను. ముందే చూస్తే అది పెట్టిన పేర్లే మనసులో తిష్ట వేస్తాయి. అది వాడితే మీ ట్రాన్స్‌క్రిప్ట్ బయటి సర్వర్‌కి వెళ్తుందేమో, సమ్మతి పత్రంలో దానికి అనుమతి తీసుకున్నారో లేదో కూడా చూసుకోండి.

గైడ్‌ని ఒప్పించడానికి వాదన అక్కర్లేదు. రెండు ట్రాన్స్‌క్రిప్టులు క్వాల్‌కోడర్‌లో కోడ్ చేసి, ఏదైనా ఒక కోడ్ రిపోర్టు ప్రింట్ తీసి ఆయన ముందు పెట్టండి. ఎన్‌వివోలో చేసినా ఆ కాగితం మీద ఉండేది ఆ మాటలే.