సరిహద్దు డ్యూటీకి వెళ్తున్న మేనకోడలికి

యాప్రాల్, సికింద్రాబాద్

చి॥ శ్రావణికి మావయ్య ఆశీస్సులు.

కాశ్మీర్‌లో జవాన్లకు కౌన్సెలర్‌గా నీకు కాంట్రాక్టు ఉద్యోగం వచ్చిందని అక్కయ్య ఫోన్ చేసినప్పటి నుంచి, మా కాలనీలో ఉన్న మాజీ సైనికులందరికీ ఆ సంగతి చెప్పుకొని మురిసిపోతున్నాను. రాత్రి పడుకోబోతే మాత్రం నిద్ర పట్టడం లేదు. సైన్యంలో సైకియాట్రిక్ నర్సింగ్ అసిస్టెంట్‌గా పనిచేసి రిటైరైన వాణ్ని కనుక నువ్వు ఎటువంటి చోటికి వెళ్తున్నావో మీ ఇంట్లో అందరికంటే నాకు కాస్త ఎక్కువ తెలుసు. అందుకే ఫోన్‌లో నాలుగు ముక్కలు చెప్పి ఊరుకోకుండా ఈ ఉత్తరం రాస్తున్నాను.

చిన్న విషయాలు ముందే చెప్పేస్తాను. ఇక్కడి ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు కాబట్టి బయలుదేరక ముందే పోస్ట్‌పెయిడ్‌కు మార్చుకో. ఉన్ని బట్టలు సుల్తాన్ బజార్‌లో కొనకుండా అక్కడికి వెళ్లాకే కొనుక్కో. ఎప్పుడైనా లేహ్ వైపు పంపితే, అది సుమారు 3,500 మీటర్ల ఎత్తు కాబట్టి, డాక్టరు చెప్పినన్ని రోజులు కదలకుండా విశ్రాంతి తీసుకో. సెలవుల సంగతి, నీ పనిని ఎవరు పర్యవేక్షిస్తారన్న సంగతి కాంట్రాక్టులో చదివాకే సంతకం పెట్టు.

ఇక అసలు విషయం. నీ వృత్తికి యుద్ధంతో ఉన్న బంధం నీ పుస్తకాలలోనే ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో మనసు చెదిరిన సైనికులను చూసుకోవడానికే 1918లో అమెరికాలోని స్మిత్ కళాశాల సైకియాట్రిక్ సోషల్ వర్కర్లకు శిక్షణ మొదలుపెట్టింది. మనిషిని యుద్ధరంగానికి దగ్గరలోనే, ఆలస్యం చేయకుండా, తిరిగి తన బృందంలోకి వెళ్తాడన్న నమ్మకం కలిగిస్తూ చూసుకోవాలన్న సూత్రం కూడా ఆ యుద్ధంలోనే స్థిరపడింది. దాన్ని మరిచిపోయి, 1943లో ఉత్తర ఆఫ్రికాలో అమెరికన్లు అలాంటి వారిని వందల మైళ్ల వెనక్కి పంపించారు, వారిలో తిరిగి విధుల్లో చేరినవారు చాలా తక్కువ. సూత్రం మంచిదే, నేను కళ్లారా చూశాను. రెండు రాత్రుల నిద్ర, వేడి అన్నం, ఇంటికి ఒక ఫోన్ కాల్ దొరికితే నిలదొక్కుకున్న వాళ్లు ఎందరో ఉన్నారు. అయితే జవాను తిరిగి నిలబడాలని కోరేది నీకు జీతమిచ్చే సైన్యం, నీ ఎదురుగా కూర్చునేది ఆ మనిషి. ఈ ఇద్దరి మధ్య నువ్వు రోజూ కూర్చోవలసి వస్తుంది, ఆ ఇబ్బంది ఏ సర్క్యులర్‌తోనూ తీరదు.

జవాను నీ గదిలోకి రావడానికి ఎందుకు భయపడతాడో ముందు అర్థం చేసుకో. సైన్యంలో ఆరోగ్యాన్ని ‘షేప్’ అనే అయిదక్షరాల కొలతతో చూస్తారు, అందులో మొదటి అక్షరం ‘ఎస్’ మనసుకు సంబంధించినది. అందులో ఒకటి అంటే పూర్తి ఆరోగ్యం, అక్కడి నుంచి జారితే లో మెడికల్ కేటగిరీ (ఆరోగ్యం తగ్గినవారి వర్గం), ఆయుధం వెనక్కి ఇచ్చేయడం, ప్రమోషన్‌కు అడ్డు. డాక్టరు దగ్గరికి పంపాలంటే కమాండింగ్ ఆఫీసర్ ఏ.ఎఫ్.ఎం.ఎస్.ఎఫ్.-10 అనే ఫారం మీద అతని నడవడి గురించి రాయాలి. 1950 నాటి ఆర్మీ యాక్ట్‌లో 46వ సెక్షన్ జబ్బు నటించడాన్ని, 64వ సెక్షన్ ఆత్మహత్యాయత్నాన్ని ఇప్పటికీ నేరాలుగానే చెబుతున్నాయి. ఇవన్నీ మనసులో మెదులుతూ ఉన్నవాడు ‘నాకు దిగులుగా ఉంది’ అనడు. తలనొప్పి అంటాడు, కడుపులో మంట అంటాడు, ‘నీంద్ నహీఁ ఆతీ’ (నిద్ర పట్టడం లేదు) అంటాడు. ఎం.ఐ. రూమ్‌లో, అంటే యూనిట్ వైద్యశాలలో, నర్సింగ్ అసిస్టెంట్‌తో స్నేహం చేసుకో. ఎవరు పదే పదే మాత్రలకు వస్తున్నారో అతనికి తెలుస్తుంది.

ఇప్పుడు ఒక పాత సంగతి చెబుతాను. యూనిట్ పేరు రాయను, ఆమె పేరూ రాయను. నీలాగే చదువు ముగించుకొని కొత్తగా వచ్చిన కౌన్సెలర్ ఆమె, మంచి తెలివైన పిల్ల. ఆమెకు ఇచ్చిన గది యూనిట్ పరిపాలన చూసే అడ్జుటెంట్ ఆఫీసు పక్కనే ఉండేది. ఆ తలుపు దగ్గర ఎవరు నిలబడినా పరేడ్ గ్రౌండ్ అంతటికీ కనిపించేది, కాబట్టి చాలా రోజులు ఎవరూ రాలేదు. చివరికి తలనొప్పి మాత్రలకని మా దగ్గరికి తిరుగుతున్న లాన్స్ నాయక్ హోదాలోని ఒక జవానుతో ఆమె మెల్లగా మాట కలిపి, ‘మీరు ఏం చెప్పినా ఈ గది దాటి పోదు’ అని మాట ఇచ్చింది. అతను వచ్చాడు. అన్నదమ్ముల పొలం పంపకాల గురించి, పుట్టింటికి వెళ్లిపోయిన భార్య గురించి చెప్పుకున్నాడు. ఒక సాయంత్రం మామూలు గొంతుతోనే, రాత్రి సెంట్రీ డ్యూటీలో రైఫిల్ చేతిలో ఉన్నంతసేపూ ఇక బతుకు చాలనిపిస్తోందని అన్నాడు.

ఆమె వెంటనే యూనిట్ డాక్టరు ఆర్.ఎం.ఓ. దగ్గరికి పరుగెత్తింది. ఆయన సి.ఓ.కు, అంటే కమాండింగ్ ఆఫీసర్‌కు చెప్పారు. అరగంట తిరక్క ముందే లంగర్ (జవాన్ల వంటశాల) ముందు వరుసలో పళ్లెం పట్టుకొని నిలబడ్డ వాణ్ని, అందరూ చూస్తుండగా, ఒక హవల్దార్ వచ్చి పిలిచాడు. రైఫిల్ కోత్‌లో, అంటే ఆయుధాల గదిలో, జమ అయింది, బెల్టు తీయించారు, బూట్ల లేసులు తీయించారు, ఇద్దరు ఎస్కార్టులతో బేస్ హాస్పిటల్‌కు వాహనం ఎక్కించారు. అతని చేతిలోని పళ్లెం నేనే అందుకున్నాను, అందులో రెండు రొట్టెలు, ఇంకా ఆవిరి పోతున్న పప్పు. ఆమె కూడా అక్కడికి వచ్చింది. అతను కోప్పడలేదు. ‘మేడమ్, ఆప్‌నే కహా థా’ (మీరే అన్నారు కదా) అని మాత్రం అన్నాడు.

అతను బతికాడు, చికిత్స పొందాడు, కొంతకాలానికి డ్యూటీలో చేరాడు. కానీ ఆమె బదిలీ అయ్యేదాకా ఆ గది తలుపు తట్టినవాడు మరొకడు లేడు. ఆమె చెప్పడం నూటికి నూరుపాళ్లు సరైనదే, చెప్పకపోయి ఉంటే ఈ ఉత్తరం వేరుగా ఉండేది. నిలబెట్టుకోలేని మాట ఇవ్వడమే తప్పు. అందరి ముందు లేసులు తీయించడం మా వాళ్ల తప్పు, అది కూడా దాచను. ‘ఇప్పుడు డాక్టరు గారికి చెప్పక తప్పదు, పదండి, నేనూ వస్తాను’ అని అతనికే ముందు చెప్పి, పక్కన నడిచి వెళ్లి ఉంటే ఆ మాట అతని నోట వచ్చేది కాదని నా నమ్మకం.

నీ గురించి నాకు దిగులు పుట్టేది సరిగ్గా ఇక్కడే. నీకు చిన్నప్పటి నుంచి ఎవరు కళ్లనీళ్లు పెట్టుకున్నా మాట ఇచ్చేసే అలవాటు ఉంది. పక్కింటి పిల్లవాడు పలక పగలగొట్టుకుంటే నీ పలక ఇచ్చేసి, బడిలో నువ్వు దెబ్బలు తిన్నావు. ఆ రోజు నిన్ను ఎత్తుకొని ఇంటికి తెచ్చినవాణ్ని నేనే, నాకు బాగా గుర్తు. ఆ మనసు పోగొట్టుకోమని అనను. గదిలోకి వచ్చినవాడు కుర్చీలో సర్దుకోగానే, వాడు నోరు తెరవక ముందే, ఈ మాటలు చెప్పు: ‘మీరు చెప్పేవి నా దగ్గరే ఉంటాయి. మీ ప్రాణానికో, మరొకరి ప్రాణానికో ముప్పు అనిపిస్తే మాత్రం డాక్టరు గారికి చెబుతాను. చెప్పే ముందు మీకే చెబుతాను.’ హిందీలోనూ ఇవే మాటలు నోటికి వచ్చేలా అద్దం ముందు నిలబడి అభ్యాసం చెయ్యి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 23వ సెక్షన్ కూడా గోప్యత హక్కు ఇస్తూనే, ప్రాణాపాయాన్ని మినహాయింపుగా చెబుతుంది. ఇది విని కొందరు లేచి వెళ్లిపోతారు, వెళ్లనివ్వు. వాళ్లలో సగం మంది మళ్లీ వస్తారు.

చచ్చిపోవాలని ఉందా అని సూటిగా అడగడానికి జంకకు. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. ఆయుధంతో వచ్చినవాడితో కూర్చోకు, కోత్‌లో జమ చేసి రమ్మను. ఇది నా సొంత భయమని ఆఫీసర్లు నవ్వినా సరే, ఈ ఒక్కటి నా మాట విను. కాల్పులు జరిగిన మర్నాడే అందరినీ కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పించమని ఎవరైనా ఆదేశిస్తే, అటువంటి డీబ్రీఫింగ్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వద్దంటోందని మర్యాదగా గుర్తు చెయ్యి.

మన తెలుగు కుర్రాళ్లు కనిపిస్తే తెలుగులో మాట్లాడు. హిందీలో ‘సబ్ ఠీక్ హై మేడమ్’ అనేవాడు తెలుగులో గట్టు తగాదా దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పేస్తాడు. ఆ తగాదాను తక్కువగా చూడకు. పోస్టులో ఉన్నవాడి బరువు చాలాసార్లు ఊళ్లోనే ఉంటుంది. సి.ఓ. చేత జిల్లా కలెక్టరుకు, ఎస్పీకి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి ఉత్తరం రాయించి, జవాబు వచ్చేదాకా వెంటపడు. ఒక్కోసారి ఆ ఉత్తరమే మందు. ఇంట్లో వాళ్లు దిగులుపడుతుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరు ఇవ్వు, తెలుగులోనే మాట్లాడతారు. సైన్యం కోసం పుణేలో ప్రత్యేక విభాగం కూడా 2023 డిసెంబరులో మొదలైంది.

నీ సంగతి కూడా ఒకరితో చెప్పుకోవాలి. యూనిట్ బయట ఒక సీనియర్‌ను ఇప్పుడే చూసుకో. సెలవు వస్తే వాడుకో, మిగుల్చుకోకు. నిద్ర లేని రోజు కొత్త కేసు తీసుకోకు.

చివరిగా ఒక మాట. సరిహద్దుకు దగ్గరగా ఉండే కుప్వారా దాటి ఉండాలన్న సంగతి అమ్మకు చెప్పవద్దని నన్ను బతిమాలావు. నేను ఊఁ అనలేదు, గమనించావో లేదో. అక్కయ్య అడిగితే దాచలేను, అబద్ధం ఆడలేను. వచ్చే ఆదివారం భోజనానికి మల్కాజ్‌గిరి వస్తున్నాను, ఆ లోపల నువ్వే చెప్పు. ఏడిస్తే ఏడవనివ్వు, నేను పక్కనే ఉంటాను.

ఇట్లు,
మావయ్య